మేనత్త తేవాల్సిన గొంగడి

తమ్ముడు ఫోన్ చేసి బిడ్డ పెండ్లి కుదిరిందని చెప్పినప్పుడు నేను చిట్యాలలో మా ఇంటి ముందు బట్టలు ఆరేస్తున్నాను. పిల్లగాడు ఏం చేస్తాడు, ఎవరింటివాడు అన్న మాటలన్నీ అయ్యాయి. తర్వాత, "అక్కా, గొంగడి నువ్వే తేవాలె," అన్నాడు.

తెస్తానని అనలేదు, తేనని అనలేదు. తడి చీర భుజం మీద ఉండగానే అరుగు మీద కూర్చున్నాను. రవిక తడిసి ఒంటికి అంటుకునే దాకా లేవలేదు.

మేము కురుమలం. తాతల కాలం నుంచి గొర్రెలు కాసిన ఇల్లు. మా ఇంట్లో పెండ్లయితే పిల్లనూ పిల్లగాణ్నీ పీటల మీద కాదు, నల్ల గొంగడి మీద కూర్చోబెడతారు. ఆ గొంగడి పెండ్లికూతురి మేనత్త తేవాలి, ఆమె చేతులతోనే పరవాలి. దాని అంచు కుచ్చుల్లోంచి పోగులు తీసి, పేని, పసుపు పట్టించి ఇద్దరి చేతులకూ కంకణం కడతారు. మాలోనే పత్తి దారంతో కంకణం కట్టుకునే ఇళ్ళు వేరే ఉన్నాయి. మాది ఉన్ని కంకణం ఇల్లు. అందుకే గొంగడి ఉన్నిదై ఉండాలి, నల్ల గొర్రె ఉన్నిదే కావాలి.

నేను ఆ ఇంటి ఆడబిడ్డనే. అయితే నేను విశ్వాసిని. చిన్నప్పుడు మా బాపు నన్ను నల్లగొండలో మిషన్ హాస్టల్లో వేశాడు. ఊళ్ళో పైతరగతులు లేక వేశాడు గాని ఇంకొకటి అనుకుని కాదు. అక్కడ పొద్దునా సాయంత్రమూ బైబిల్ వాక్యం చదివించేవారు. భయంతో మొదలుపెట్టి ఇష్టంతో చదివాను. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నాను, మా సంఘంలోని మనిషినే చేసుకున్నాను. బాపు కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. బొట్టు లేని నా నుదురు చూసి మా అవ్వ మాత్రం పోయేదాకా ముఖం తిప్పుకునేది.

అప్పటి నుంచి మా వాళ్ళ పెండ్లిళ్ళకు పోతాను, తింటాను, ఒక మూలన కూర్చుని వస్తాను. ఇంటి ఆడబిడ్డ చేయాల్సిన పనులు మా పెదనాయిన బిడ్డ చేస్తుంది. ఎవరూ నన్ను పిలవరు, నేనూ అడగను. ఈ పెండ్లికి కూడా ఆమెతోనే గొంగడి తెప్పించుకోమని కులపెద్ద మా తమ్ముడికి చెప్పాడట. వాడు ఒప్పుకోలేదు.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు వాడే చెప్పాడు. "నా బిడ్డకు మేనత్తవు నువ్వొక్కదానివే అక్కా. గిప్పుడు గూడ వేరేటోళ్ళు తెస్తే ఇగ నువ్వు మా ఇంటికి చుట్టానివి. ఆడబిడ్డవు గాదు. గది నాతోని కాదు."

నాతో మటుకు ఎట్లా అవుతుంది? కాని నేను తెచ్చిన గొంగడికి నాలుగు మూలలా బొట్లు పెడతారు. మా కులదేవుడు బీరప్ప పేరు చెప్పి ముగ్గు వేస్తారు. అది నాకు తెలుసు, తెలిసే తేవాలి. సంఘంలో పిల్లలకు ఆదివారం పాఠం చెప్పేదాన్ని. వేరే దేవుళ్ళ ముందు పెట్టినవాటి గురించి ఏమని నేర్పానో నాకు గుర్తుంది.

మా చర్చి పాస్టరు అయ్యగారిని అడిగాను. బట్ట బట్టే అన్నాడు, గొర్రె దేవుడు చేసిన జీవమే అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, అది దేనికి ఇస్తున్నావో మాత్రం నీ మనసుకు తెలుసు గదమ్మా అన్నాడు. ఇస్తే తప్పా, ఇవ్వకుంటే తప్పా అన్నది పోయినప్పుడు ఎంత తెలుసో వచ్చేటప్పుడూ అంతే తెలుసు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో పని చేస్తాడు, ఎక్కువ మాట్లాడడు.

"ముందు దొరకనియ్యి," అన్నాడు. "దొరికినంక పాపమో పుణ్యమో చూద్దం."

నవ్వొచ్చింది గాని ఆ మాటలో ఉన్నదేమిటో వారం తిరిగేసరికి అర్థమైంది. నాకు తెలిసిన కాలంలో గొంగడి కోసం వెతకడం అన్న మాటే లేదు. ఊళ్ళో ప్రతి కురుమింటి గోడ కొయ్యకూ ఒకటి వేలాడేది. కొత్తది కావాలంటే నేసేవాడికి చెబితే అయిపోయేది. ఇప్పుడు మా ఊళ్ళో మగ్గం గుంటలు పూడ్చేసి బాత్రూములు కట్టుకున్నారు.

మొదట చౌటుప్పల్ పోయాను. రోడ్డుకు రెండు వైపులా పెద్ద పెద్ద బట్టల షోరూములు వచ్చాయి కదా, ఏదో ఒకదానిలో ఉండదా అనుకున్నాను. అద్దాల తలుపు తెరవగానే చల్లగాలి, ఎర్ర లంగావోణీలో ప్లాస్టిక్ పెండ్లికూతురు, చేతులు జోడించి వెల్‌కమ్ మేడం అనే అమ్మాయి. గొంగడి అన్నాను. ఆ అమ్మాయికి మాట తెలుసు గాని వస్తువు తెలియదు. పులిబొమ్మ దుప్పటి తెచ్చి చూపించింది. బయటికి వచ్చి నాలుగు అడుగుల అవతలున్న ఇంకో షోరూములోకి పోయాను. అదే అద్దం, అదే చల్లగాలి, అదే ఎర్ర లంగావోణీ. చేతులు జోడించిన అమ్మాయిని చూసి, "ఇందాకనే అడిగిన గదా బిడ్డా," అన్నాను. ఆమె బిక్కముఖం వేసింది. నేను పొరపాటున మళ్ళీ మొదటి దాంట్లోకే వచ్చానేమోనని వెనక్కి పోయి బోర్డు చూసుకున్నాను. పేర్లు వేరే. చదివినా నాకు నమ్మకం కుదరలేదు.

మూడో దాంట్లో దొరికింది. జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో నల్లగా, మడత నలగకుండా ఉంది. సంచి మీద గొర్రెబొమ్మ కూడా ఉంది. మా చర్చి క్యాలెండర్లో ఉండే గొర్రె లాంటిది, తెల్లగా, గుండ్రంగా, నవ్వు ముఖంతో. మా గొర్రెలు నల్లగా, కాళ్ళు పొడుగ్గా, ఎప్పుడూ అలిగినట్టుంటాయి. అయినా గొర్రె గొర్రే కదా అని కొన్నాను.

ఇంటికి తెచ్చి చేత్తో తడిమాను. మెత్తగా ఉంది. మరీ మెత్తగా ఉంది. గొంగడి కొత్తలో మెత్తగా ఉండదు. చింతగింజల గంజి పెడతారు కాబట్టి గరుకుగా, నిలబెడితే నిలబడేటట్టు ఉంటుంది. అంచులోంచి ఒక పోగు లాగి పొయ్యి మంటలో పెట్టాను. గొర్లకాపరి ఇంట్లో పుట్టిన ఎవరైనా చేసే పనే అది. ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన రావాలి. ఇది కరిగి, నల్లని చుక్కై పొయ్యి గట్టు మీద పడింది. ఆ చుక్క గోరుతో గీకినా పోలేదు. దాన్ని పసుపులో ముంచి కంకణం కట్టి ఉంటే ఏమయ్యేదో! దుప్పటి తప్పేం లేదు, ఇప్పుడు మా ఆయన కప్పుకుంటాడు. వెచ్చగానే ఉందంటాడు.

తర్వాత నల్లగొండ పోయాను. గడియారం సెంటరు వెనక సందులో ఒక గొంగళ్ళ దుకాణం ఉండేది. నన్ను హాస్టల్లో దింపడానికి వచ్చినప్పుడల్లా బాపు అందులో కూర్చుని ఆ షావుకారితో గొర్ల రోగాల గురించి మాట్లాడేవాడు. సందు దొరికింది. దుకాణం ఉండాల్సిన చోట చౌటుప్పల్లో చూసిన అద్దాల తలుపే ఉంది, ఆ బోర్డే ఉంది. మెట్లెక్కాలా వద్దా అని నిలబడితే, లోపల బిల్లులు కొట్టే మనిషి ముఖం ఎక్కడో చూసినట్టు అనిపించింది. పాత షావుకారి ముక్కు, పాత షావుకారి చెవులు. అతని కొడుకట. జాగా కంపెనీకి కిరాయికి ఇచ్చి అందులోనే ఉద్యోగం చేస్తున్నాడు.

గొంగడి అనగానే పైన ఉన్న కెమెరా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఏడ దొరుకుతదమ్మా. గోడలకున్న గొంగళ్ళ వాసన పోవాలని కంపెనోళ్ళు రంగు మీద రంగేయించిన్రు. ఇప్పటికి గూడ వానొస్తే ఆ మూలకు వాసనొస్తది, నాకొక్కనికే తెలుస్తది." పాలమూరు పాత బజారులో తన తండ్రి సరుకు తెచ్చుకునే దుకాణం ఒకటి ఉండాలనీ, ఉందో లేదో మాత్రం తెలియదనీ చెప్పాడు.

పెండ్లి సోమవారం. నేను పాలమూరు పోయింది ముందటి శుక్రవారం. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సు. ప్రతి ఊళ్ళో బస్టాండు దాటగానే అవే షోరూముల పేర్లు, అవే బొమ్మలు, అదే హీరోయిన్ అదే చీరతో అదే నవ్వు. కునుకు తీసి లేచినప్పుడల్లా ఇంకా అక్కడే ఉన్నామా అనిపించేది. పక్కనున్న ముసలాయన్ని ఏ ఊరని అడిగితే, "బోర్డు చూడకు బిడ్డా, గుట్ట చూడు," అన్నాడు. నాకు ఆ వైపు గుట్టలు తెలియవు.

దుకాణం ఉంది. ముందర కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు, దాని వెనక గొర్ల మువ్వలు, ఉన్ని కత్తెరలు, తుమ్మ కర్రలు, తాళ్ళు. లోపలికి పోగానే వాసన తగిలింది. తడిసిన మంద వాసన, చింతగింజల గంజి వాసన. నేను ఏమీ అడగకముందే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకో తెలియదు. ఆ వాసన వదిలి వచ్చినందుకు నేనెన్నడూ బాధపడలేదు.

దుకాణం ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "దేనికి? సినిమాలకా, హోటల్లకా? మొన్న ఒకాయన వచ్చి గోడకు తగిలిస్తనని కొనుక్కపోయిండు."

పెండ్లికి, నేను పిల్ల మేనత్తను అన్నాను.

"మేనత్తవా? బొట్టు లేదు. ఎవరిదానివి నువ్వు?"

మా బాపు పేరు, ఊరు, ఇంటిపేరు చెప్పాను. చర్చికి పోతానని కూడా చెప్పాను. ఆయన ఫ్రిజ్జు మీద మోచెయ్యి ఆనించాడు.

"చర్చికి పోతవు, ఉన్ని కంకణం గట్టే ఇంట్ల గొంగడి పరుస్తవు. నాకు సమజ్ కాలే. నీకన్న అయిందా?"

"లేదు," అన్నాను.

"మంచిది. ఇద్దరం ఒక్కతీర్గున్నం," అని లోపలికి పోయి తెచ్చాడు.

ఇప్పుడు అందరూ నెల్లూరు గొర్రెలే పెంచుతున్నారని, వాటికి మాంసం ఉంది గాని ఉన్ని లేదని, నల్ల గొర్రెలున్న ఇళ్ళు తన చుట్టుపక్కల వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చని సణుగుతూనే గొంగడి పరిచాడు. నల్లది, అంచుకు సన్నని తెల్ల గీత. చేత్తో తాకితే గుచ్చుకుంది. అంతే చాలు అనుకున్నాను.

అయితే ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. పెండ్లి గొంగడి ఊరికే కట్టి ఇవ్వరు, తీసుకుపోయే ఆడబిడ్డకు బొట్టు పెట్టి చేతుల్లో పెడతారు. ఆయన భార్య పసుపు కుంకుమ గిన్నెతో వచ్చి నా నుదురు చూసి ఆగిపోయింది. "పెట్టాల్నా?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. "మరి గొంగడికి?" అంది. గొంగడి తరఫున వద్దనడానికి నేనెవర్ని? నేను మాట్లాడకపోయేసరికి ఒక మూలకు పసుపు రాసి కుంకుమ చుక్క పెట్టి నా చేతుల్లో పెట్టింది. దారి పొడుగునా ఆ మూల లోపలికి పోయేటట్టు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. దాన్ని దాస్తున్నానో కాపాడుతున్నానో నాకే తెలియలేదు.

ఆదివారం ఆరాధన కాగానే అటునుంచి అటే తమ్ముడి ఊరికి బస్సెక్కాలి. అందుకని మూట చర్చికే తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను. మా సంఘంలో ఎవరు కొత్త వస్తువు కొన్నా, బండి గాని కుట్టుమిషన్ గాని, ముందుకు తెచ్చి ప్రార్థన చేయించుకుంటారు. అయ్యగారు దాని మీద నూనె రాసి స్తుతిస్తాడు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, మా వాళ్ళ అలవాటు. నా పక్కన కూర్చునే చెల్లెమ్మ మూటలోంచి కొత్త ఉన్ని అంచు కనబడగానే, "అక్కా, కొత్తదా? చెప్పవేంది?" అని తీసుకుపోయి ముందున్న బల్ల మీద పెట్టేసింది. నేను లేచేలోగా అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు. అయ్యగారు నూనె బుడ్డి తీశాడు. మడత కొంచెం విప్పాడు. పసుపు మూల బయటపడింది. ఆయన చెయ్యి ఆగింది. నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. వద్దని తల ఊపాలో, సరేనని ఊపాలో తెలియక ఊరికే చూశాను. ఆయన ఆ మూల మడిచి, రెండో వైపు నూనె రాసి, గొర్రెల కాపరుల ఇళ్ళ గురించీ కొత్త దంపతుల గురించీ ప్రార్థన చేశాడు. మంచి ప్రార్థన. ఆమెన్ అని నేను కూడా అన్నాను. నూనె మాత్రం ఎక్కువ పడింది, అరచేయంత మచ్చైంది.

తమ్ముడి ఇంటికి పోగానే వాణ్ని పక్కకు పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. దాచి పరిస్తే రేపు తెలిసినప్పుడు వాడి పరువు పోతుంది. వాడు మచ్చను వేలితో రాశాడు, వాసన చూశాడు.

"కొబ్బరి నూనెనా?"

"ఆలివ్ నూనె."

"గంత ఖరీదుది పోసిన్రా," అన్నాడు. నవ్వుతున్నాడేమో అనుకున్నాను. ముఖం చూస్తే నవ్వడం లేదు. "రేపు చూద్దం అక్కా. ఎవ్వరికి చెప్పకు. అడిగితే నేనే చెప్త."

అడిగారు. సోమవారం పొద్దున పందిట్లో గొంగడి విప్పగానే కులపెద్ద చూపు మచ్చ మీదనే పడింది. ఇదేం జిడ్డు అన్నాడు. తమ్ముడు అబద్ధం చెప్పలేదు. మా అక్కవాళ్ళ చర్చిలో ప్రార్థన చేసి నూనె రాశారని అందరూ వినేటట్టే చెప్పాడు. మా పెద్దమ్మ, "ఇంకేం, పెండ్లి గూడ ఆడనే చేసుకొస్తే పనైపోవు గద," అంది. ఆమె బిడ్డ, ఇన్నాళ్ళూ గొంగడి తెచ్చిన మా అక్క, లోపలికి పోయి తాము తెచ్చి పెట్టుకున్న ఇంకో గొంగడి పట్టుకొచ్చింది. నేను తెస్తానో తేనోనని ముందుజాగ్రత్తకు తెచ్చారట. జిప్పు సంచి. దాని మీద నవ్వే తెల్లగొర్రె.

కులపెద్ద రెండింటినీ పక్కపక్కన పెట్టించాడు. ఒకదాని అంచు లాగాడు, రెండోదాని అంచు లాగాడు. సంచిలోది ఎక్కడ కొన్నారని అడిగాడు. నకిరేకల్ షోరూములో అన్నారు. ఆయన పోగును రెండు వేళ్ళ మధ్య నలిపి కింద పడేశాడు.

"ఒకటి ఉన్ని గాదు, ఒకటి మనది గాదు," అన్నాడు. "ఏం జెయ్యాలె?"

తలా ఒక మాట మాట్లాడారు. ఎవరో నెయ్యి చల్లితే పోతుందన్నారు, ఎవరో ఉతికితే అన్నారు, పత్తి దారం కట్టండి అని ఒకరంటే, మేం పత్తి కంకణం వాళ్ళమా అని ఇద్దరు మీదికి లేచారు. పిల్లగాడివాళ్ళు ముహూర్తం దాటుతోందని అరుస్తున్నారు. పెండ్లికూతురు తలుపు దగ్గర నిలబడి నా వైపు చూస్తోంది. నేను ఎవరి వైపు చూడాలో తెలియక గొంగడి వైపు చూస్తున్నాను. వెళ్ళిపోదామా అనుకున్నాను. వెళ్ళిపోతే మా తమ్ముడు అన్న మాటే నిజమవుతుంది, చుట్టాన్ని అయిపోతాను.

అప్పుడు మా మరదలు, తమ్ముడి భార్య, చేతిలో ఉన్న పళ్ళెం ఎవరికో ఇచ్చి నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. "వదినె, గొంగడి పరువు," అంది. "నిలబడితె అయితదా? పరువు."

పరిచాను. వంగి నాలుగు మూలలూ సరిచేశాను. కులపెద్ద వద్దనలేదు. అవుననీ అనలేదు. ఎవరో వచ్చి మూలలకు బొట్లు పెట్టారు, బీరప్ప పేరు చెప్పి బియ్యప్పిండి ముగ్గు వేశారు. ఆ సేపంతా మేనత్త ఒక అంచు పట్టుకుని ఉండాలట, నాకు అది గుర్తులేదు. మరదలు చూపిస్తే పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని నా దేవుణ్ని ప్రార్థించాను. క్షమించమని అడిగానో, దీవించమని అడిగానో ఇప్పటికీ చెప్పలేను. రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిల్ల వచ్చి కూర్చుంది. కూర్చుంటూ నా మోకాలిని ఆసరాగా పట్టుకుంది. కుచ్చుల్లోంచి పోగులు తీసి పేనారు. పసుపు చక్కగా పట్టింది.

ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నన్ను ఒప్పుకున్నారో, ముహూర్తం దాటుతోందని ఊరుకున్నారో తెలుసుకుందామని తమ్ముణ్ని అడిగాను. "నాకేం ఎరుక అక్కా, పెండ్లైతె అయింది," అన్నాడు.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే మా పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఆకూ వక్కా నములుతోంది. నన్ను చూసి పిలిచింది. తన కొడుకు పెద్దబిడ్డకు కూడా సంబంధాలు చూస్తున్నారట.

"దానికి గూడ నువ్వే తెస్తవా, గొంగడి?" అంది.

ఎత్తిపొడుపో, అడగడమో ముఖం చూస్తే తెలియలేదు. ఆమె నవ్వలేదు, చూపు కూడా తిప్పుకోలేదు.

"దొరికితె తెస్త పెద్దమ్మా," అన్నాను.